కెమెరా ముందు, నాలుగింటిదాకా

ఈ ఏడాది జవాబుపత్రాలు దిద్దే పని ఇంటికే వచ్చింది. పరీక్షల కార్యాలయం వాళ్ల పెద్ద హాలు కురుస్తోందట. మరమ్మతులయ్యేదాకా ఆగితే ఫలితాలు ఆలస్యమవుతాయని, సీలు వేసిన కట్టలు ఉపాధ్యాయుల ఇళ్లకే పంపుతామన్నారు. ఇంట్లో దిద్దేటప్పుడు కెమెరాతో కనిపెట్టి ఉంటామన్నారు. రోజుకో కట్ట, కట్టకు నలభై పేపర్లు, పది రోజులు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగుదాకా.

నేను ఒప్పుకున్నాను. మా ఆయన పోయి అప్పటికి ఏడు వారాలు. బడికి సెలవులు. ఊరికే కూర్చోవడం కన్నా పేపర్లు ముందేసుకుని కూర్చోవడం నయమనుకున్నాను. ఏ గదిలో కూర్చోవాలో మాత్రం ఆలోచించలేదు.

కంప్యూటర్ ఆయనది. ఇళ్లకు ప్లాన్లు గీసేవారు. వెనక గది ఆయన ఆఫీసు. నెట్ తీగ గోడలోంచి వచ్చి ఆ బల్ల దగ్గరే ఆగుతుంది. ఆయన గుండె ఆగింది కూడా ఆ బల్ల ముందున్న కుర్చీలోనే.

"ముందు గదిలోకి మార్చడానికి కుదరదా?" అని అడిగాను, కెమెరాలు బిగించడానికి వచ్చిన మనిషిని. యాభై దాటినవాడు. చెయ్యి ఆగినా నోరు ఆగదు.

"కుదురుతుంది మేడం, గోడ పగలగొడితే. తీగ లేకుండా పంపొచ్చు గానీ మీ రౌటర్ మా తాతగారి ఈడుది. బొమ్మ మధ్యమధ్య ఆగిపోతుంది. ఆగిందంటే మీరు పారిపోయారనుకుంటారు వాళ్లు."

"నేనెక్కడికి పారిపోతాను?"

"నేనూ అదే అంటాను. నిన్న ఒక మాస్టారింట్లో బిగించాను. ఆయనకు మధ్యాహ్నం కునుకు తియ్యకపోతే గడవదట. కళ్లు తెరిచి నిద్రపోవడం నేర్పవయ్యా అంటాడు. నేనేం నేర్పుతాను, నాకే రాదు."

ఒక కెమెరా తెర మీద, నా మొహానికి ఎదురుగా బిగించాడు. రెండోది స్టాండుకు తగిలించి, బల్ల మీది కాగితాలు కనిపించేలా కిందికి వంచాడు. రెండు బొమ్మలూ ఈ కంప్యూటర్లోంచి కార్యాలయానికి పోతాయి. అక్కడొకరు కూర్చుని చూస్తూ ఉంటారు. ఏదైనా చెప్పాలంటే తెర మీద ఒక చిన్న పెట్టెలో రాస్తారు. నేనూ అందులోనే జవాబు రాయాలి.

"మాట మాత్రం పోదు మేడం. రెండు బొమ్మలు మొయ్యడానికే మీ నెట్ రొప్పుతోంది. మాట కూడా ఎక్కిస్తే చతికిలపడుతుంది. అందుకని కోసేశాను. హాయిగా పాటలు పాడుకోండి."

"సరే."

"కానీ పెదవులు కదపకండి. కదిలితే పక్కన ఎవరో ఉన్నారనుకుంటారు."

"పెదవులు కదపకుండా పాడాలా?"

"అది మీ ఓపిక."

వెళ్లేముందు జేబులోంచి సుద్దముక్క తీసి, బల్లకు ఎడమ పక్కన నేల మీద ఒక గీత గీశాడు. ఈ గీత దాటి ఎవరు లోపలికొచ్చినా బొమ్మలో పడతారన్నాడు. గదిలో ఇంకో మనిషి కనబడితే హెచ్చరిక. నేను చెప్పకుండా లేచినా హెచ్చరిక. పది రోజుల్లో మొత్తం మూడు హెచ్చరికలైతే ఆ రోజు కట్ట రద్దు. నా పేరు జాబితాలోంచి తీసేస్తారు. అప్పటిదాకా నేను దిద్దినవన్నీ ఇంకొకరు మొదటి నుంచి దిద్దాలి. ఆ పిల్లలందరికీ ఫలితం ఆలస్యమవుతుంది.

మొదటి హెచ్చరిక రెండో రోజే వచ్చింది. మా వదిన పుణ్యం.

వదిన ఆయనకు అక్కగారు. తమ్ముడు పోయిన రోజు వచ్చి, మమ్మల్ని వదిలి వెళ్లలేక ఉండిపోయింది. ఏడవాలనిపిస్తే గిన్నెలు తోముతుంది. ఆ ఏడు వారాల్లో మా గిన్నెలు కొత్తవాటిలా తయారయ్యాయి. ఆ రోజు పదకొండింటికి టీ కప్పుతో వచ్చి, గీత అవతలే నిలబడి, చెయ్యి మాత్రం చాపింది.

"నేను రాలేదమ్మాయ్. చెయ్యే వచ్చింది. తీసుకో."

తెర చుట్టూ ఉన్న ఆకుపచ్చ అంచు ఎర్రబడింది. పెట్టెలో మాటలు వచ్చాయి: 'బొమ్మలో ఇంకొకరి చెయ్యి కనిపించింది. మొదటి హెచ్చరిక.'

నాలుగింటికి ఆ సంగతి చెబితే వదిన ఇంతెత్తున లేచింది. "చేతికి కూడా హెచ్చరికేమిటే? గాజులున్న చెయ్యి నీకు జవాబులు చెబుతుందా? ఆ చూసే మనిషికి ఇంట్లో ఎవరూ టీ ఇవ్వరేమో, కడుపుమంట."

ఇక మా అమ్మాయి. పన్నెండేళ్లది. అస్తమానం మాట్లాడుతూనే ఉంటుందని వాళ్ల నాన్న దానికి రేడియో అని పేరు పెట్టారు. తినేటప్పుడు కూడా ఆపేది కాదు. "కాసేపు స్టేషన్ మార్చు తల్లీ" అనేవారు. ఆయన పోయిన రోజు నుంచి రేడియో మూగబోయింది. అడిగితే ఊఁ అంటుంది. అన్నం పెడితే తింటుంది. నా మొహం వైపు చూడదు. నేను గదిలోకి వస్తే లేచి వెళ్లిపోతుంది. దిగులు అనుకున్నాను. నా దగ్గర కూడా చెప్పడానికి మాటలేమీ లేవు కనుక, నేనూ ఎక్కువ అడగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అది వెనక గదిలోకి వచ్చింది. సుద్దగీత అవతల, గోడకు వీపు ఆనించి కూర్చుంది. నేను పన్నెండో పేపరులో ఉన్నాను.

"అత్త గురక పెడుతుందమ్మా" అంది.

నేను చటుక్కున దాని వైపు తిరిగాను. "ఏమన్నావు?" అన్నాను.

అంచు ఎర్రబడింది. 'ఎవరితో మాట్లాడుతున్నారు? రెండో హెచ్చరిక.'

'పొరపాటు. ఇంట్లో ఏదో చప్పుడైంది' అని రాసి, మొహం కెమెరాకు తిప్పుకున్నాను. ఇరవై రెండేళ్లు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన చేత్తో రాశాను. పిల్ల లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. కాసేపాగి మళ్లీ మొదలుపెట్టింది.

"మధ్యలో ఆపేస్తుంది. హమ్మయ్య అనుకుంటామా, మళ్లీ మొదటి నుంచి మొదలెడుతుంది. నిన్న గురకలో నా పేరు కూడా పిలిచింది. పలకాలా వద్దా అని ఆలోచించాను."

నవ్వకూడదు. తిరగకూడదు. పెదవి కదపకూడదు. పన్నెండో పేపరులో ఒకే జవాబును నాలుగుసార్లు చదివాను.

ఆ రోజు నుంచి అది రోజూ వచ్చేది. పై వాటాలో కుక్క మెట్లు దిగడానికి భయపడుతుందని చెప్పింది. చెప్పులు బిగుతయ్యాయంది. తెర అవతలి మనిషికి దయ్యం అని పేరు పెట్టింది. "దయ్యం భోజనానికి వెళ్లదా? నువ్వు ముక్కు గోక్కుంటే కూడా చూస్తుందా?" అని అడిగేది. జవాబు కోసం ఆగేది కాదు. దానికి జవాబు అక్కర్లేదు. నాలుగు కాగానే నేను కెమెరాలు ఆపి కుర్చీ తిప్పేసరికి గోడ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. రాత్రి భోజనం దగ్గర, "పై వాటా కుక్క దిగిందా ఇవాళ?" అని అడిగాను ఒకసారి. ఊఁ అని తల వంచుకుంది.

అప్పటికి నాకు అర్థమైంది. నేను కట్టేసి ఉన్నప్పుడే అది మాట్లాడుతుంది. నా కళ్లు దాని మీద పడనప్పుడు, నా నోరు తెరుచుకోనప్పుడు. అందుకని ఆ కుర్చీ అంటే నాకు ఒక పక్క ఒళ్లు జలదరించేది. ఇంకో పక్క పొద్దున పది ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. చేతులానే చోట ఆయన చేతుల నునుపు ఇంకా ఉంది. ఆరు గంటలు దాని మీద మోచేతులు ఆనించి దిద్దుతూ, తల ఎత్తినప్పుడల్లా ఎదురుగా తెర మూలన నా మొహాన్నే చూడాలి. ఆ బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. నేను రెప్ప వేశాక అది వేసేది.

ఏడో రోజు సాయంత్రం వదిన చెప్పింది.

"ఎల్లుండి పొద్దున బండికి వెళతానమ్మాయ్. మా ఇంటాయన ఫోన్‌లో మాటలు తగ్గించేశారు. అలిగారో, ఆకలేస్తోందో మరి."

"ఇన్నాళ్లున్నారు వదినా. అదే ఎక్కువ."

వదిన తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ ఉంది. "పిల్ల కూడా వస్తానంటోంది."

"సెలవులయ్యేదాకానా?"

"కాదు. అక్కడే బళ్లో చేరుతుందట."

"తనే అడిగిందా?"

"తనే. రెండే మాటలు. 'నేనూ వస్తా' అంది. మూడో మాట కోసం చెవులు రిక్కించుకు కూర్చున్నాను, రాలేదు. ఎందుకే అంటే గోడ చూస్తుంది. నేను పొమ్మనలేదు, రమ్మననూ లేదు. నా మీద కోపం పెట్టుకోకు."

"మీ మీద ఎందుకు పెట్టుకుంటాను?"

"పెట్టుకో, ఫరవాలేదు. ఎవరి మీదో ఒకరి మీద పెట్టుకోకపోతే నువ్వు పగిలిపోతావు. నీ మొహం చూస్తే ఆ కెమెరా ఆపడం మరిచిపోయావేమో అనిపిస్తోంది."

ఆ రాత్రి పిల్ల పక్కన కూర్చుని అడిగాను. నాతో ఉండాలని లేదా అన్నాను. దుప్పటి మొహం మీదికి లాక్కుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాలి, అంతే. అది మాట్లాడే చోటు ఒక్కటే ఉంది. అక్కడ నేను మాట్లాడకూడదు.

ఎనిమిదో రోజు అది ఆలస్యంగా వచ్చింది. రెండున్నర కావస్తోంది. ముప్పై ఒకటో పేపరు నా చేతి కింద ఉంది. నీరు ఎన్ని విధాల పాడవుతుందో రాయమన్న ప్రశ్న. ఆ పిల్లో పిల్లాడో గుండ్రటి అక్షరాలతో రెండు కారణాలు రాసి, మూడు అని అంకె వేసి, ఆ పక్కన ఏమీ రాయకుండా వదిలేశారు. పేజీ కింది సగం ఖాళీ.

"అమ్మా, రేపు వెళ్లిపోతాను. నీకు ఒకటి చెప్పి వెళ్లాలి" అంది.

నేను పేజీ మీదే చూపు నిలిపాను.

"ఆ రోజు నాన్న నన్ను పిలిచాడు. జ్వరమని బడికి వెళ్లలేదు కదా, పక్క గదిలోనే ఉన్నాను. కంప్యూటర్ ఇస్తానని పొద్దున చెప్పి ఇవ్వలేదు, పనుందన్నాడు. కోపమొచ్చింది. మూడుసార్లు పిలిచాడమ్మా. రేడియో అని కాదు. బళ్లో పేరుతో పిలిచాడు. తిట్టేటప్పుడే కదా ఆ పేరుతో పిలుస్తాడు? తిడతాడని దుప్పటి కప్పుకున్నాను."

పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పింది. ఎన్నిసార్లు లోపల చెప్పుకుని ఉంటుందో.

"తర్వాత పిలవలేదు. కోపం పోయిందనుకున్నాను. చాలాసేపటికి వెళ్లాను. నువ్వు నన్ను చూసినప్పుడల్లా నీకు తెలిసిపోతుందేమో అనిపిస్తుంది. అందుకే వెళ్లిపోతున్నాను. అత్తకు చెప్పకు."

అరచేయి నేలకు ఆనించి లేస్తున్న చప్పుడైంది.

ఆయన పోయిన రోజు పదకొండూ ఇరవైకి నేను బళ్లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. బల్ల మీద ఫోన్ అదిరింది. ఆయన పేరు కనిపించింది. పాఠం మధ్యలో ఫోన్ చెయ్యడం ఆయనకు అలవాటు. కత్తెర ఎక్కడుంది, పంచదార డబ్బా ఏది, ఇవే. విసుగ్గా ఫోన్ బోర్లా పెట్టాను. అది ఇంకోసారి అదిరింది. పిల్లలు నవ్వారు. నేను పాఠం ఆపలేదు. ఈ సంగతి వదినకు చెప్పలేదు. డాక్టరుకు చెప్పలేదు. సమయానికి చూసుంటే బతికేవారా అని ఆ డాక్టర్ని అడగనూ లేదు. ఫోన్లో ఆ రెండు పిలుపులూ అలాగే ఉన్నాయి. చెరపలేదు, ఎవరికీ చూపించలేదు.

నోరు తెరిస్తే మూడో హెచ్చరిక. తిరిగితే పిల్ల నోరు మూసుకుంటుంది. తిరగకపోతే వెళ్లిపోతుంది. పక్కన చిత్తు కాగితం ఉంటే దాని మీద రాసేదాన్ని. బల్ల మీద చిత్తు కాగితం ఉండకూడదని నిబంధన. చేతిలో ఎర్ర కలం ఉంది, చేతి కింద సగం ఖాళీ పేజీ ఉంది. ఇరవై రెండేళ్లలో జవాబుపత్రం మీద మార్కు తప్ప ఒక చుక్క ఎక్కువ పెట్టినదాన్ని కాదు. రాశాను.

'నాన్న నాకూ ఫోన్ చేశారు. రెండుసార్లు. చూసి కూడా ఎత్తలేదు.'

రాసి, కలంతో పేజీ మీద రెండుసార్లు తట్టాను.

గుమ్మం దాకా వెళ్లిన అడుగులు ఆగాయి. వెనక్కి వచ్చాయి. గీత అంచున నిలబడి అది మెడ చాచింది. నాకు దాని కాలివేళ్లు మాత్రం కనిపించాయి. అవి చాలాసేపు కదల్లేదు.

పెట్టెలో మాటలు వచ్చాయి. 'పేజీ కింద ఏం రాశారు?'

నేను కలం మూత పెట్టాను.

'పేజీ పైకెత్తి కెమెరాకు చూపించండి.'

ఎత్తి చూపించాను. తెర మూలన నా బొమ్మలో ఆ పేజీ ఒక క్షణం ఆలస్యంగా పైకి లేచింది.

'అభ్యర్థి తండ్రి మీకు ఫోన్ చేశారా? ఎప్పుడు? ఏమడిగారు?'

అలా అర్థమవుతుందని నాకు తట్టనే లేదు. అటువైపు కూర్చున్న మనిషికి ఇంకెలా అర్థమవుతుంది? కాదని రాస్తే, మరి ఎవరని అడుగుతారు. అవునని రాస్తే ముప్పై ఒకటో పేపరు రాసిన బిడ్డ బతుకు పాడవుతుంది. మూడో దారి లేదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాను.

'అభ్యర్థి తండ్రి కాదు. నా భర్త. చనిపోయిన రోజున.'

తరవాత, 'ఎవరికి రాశారు?'

'మా అమ్మాయికి.'

'గదిలో ఉందా?'

'ఉంది.'

ఈసారి జవాబుకు ఎక్కువసేపు పట్టింది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాను. చివరికి వచ్చింది.

'మూడో హెచ్చరిక. కట్ట రద్దు. మీ ఇంటికి మనిషి వచ్చి కట్ట తీసుకువెళతారు. అప్పటిదాకా పేపర్లు ముట్టకండి. నాలుగింటిదాకా ప్రసారం ఆపే అధికారం నాకు లేదు. మీరు కుర్చీలోంచి లేవకూడదు. చేతులు కనబడేలా ఉంచండి.'

ఆ కిందే ఇంకో వాక్యం: 'ఈ అభ్యర్థికి నష్టం జరగకుండా రాసి పెడతాను.'

రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. దిద్దడానికి పేపరు లేదు. లేవడానికి లేదు. ఎనిమిది రోజుల పని పోయింది. ఎవరెవరి పిల్లలో మూడువందల మంది నా వల్ల ఆగాలి. అద్దంలో చూసుకుంటున్నట్టు నా మొహమే చూస్తూ కూర్చున్నాను.

అంచు మళ్లీ ఎర్రబడింది. తెర మూలన, నా భుజం పక్కన, ఇంకో మొహం వచ్చింది. జడ ఊడిపోయి ఉంది. నేను పక్కకు తిరగలేదు. అదీ నన్ను చూడలేదు. ఇద్దరం తెరనే చూశాం. ఆ చిన్న బొమ్మలో దాని కళ్లు నా కళ్లను వెతుక్కున్నాయి. ఇన్ని వారాల తరవాత.

"ఎన్నింటికి చేశాడు?" అంది.

"పదకొండూ ఇరవైకి." దాచుకోవడానికి ఇంకేమీ లేదు. పెదవులు బాగా కదిలించే మాట్లాడాను.

"నన్ను పిలిచింది అప్పుడే. బయట రోజూ ఆ వేళకు వచ్చే పాల బండి హారన్ కొట్టింది. నీకు ముందు చేశాడా, నన్ను ముందు పిలిచాడా?"

"తెలీదు."

"నేను విన్నానమ్మా. మూడుసార్లూ విన్నాను. నిద్రపోయానని అత్తకు చెప్పాను గానీ, విన్నాను."

"నేనూ చూశాను. పేరు చూసే బోర్లా పెట్టాను."

అది కుర్చీ చెయ్యి మీద కూర్చుంది. ఆ బరువుకు కుర్చీ కిర్రుమంది. చెమట, సబ్బు కలిసిన వాసన వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చేతుల పక్కన తన చేతులు కూడా, వేళ్లు విడదీసి, బల్ల మీద పెట్టింది. పెట్టెలో ఏమీ రాలేదు. ఎర్ర అంచు అలాగే వెలుగుతూ ఉంది.

"వాళ్లకు తెలిస్తే ఏమంటారు?" అంది కాసేపాగి.

"ఎవరికి?"

"అందరికీ."

"నాకు తెలీదమ్మా. నేనూ అందుకే చెప్పలేదు."

గుమ్మంలో వదిన గొంతు వినిపించింది. చేతి మీద రెండు గౌన్లు వేసుకుని నిలబడి ఉంది. గీత దాటకుండా, తల మాత్రం వంచి చూసింది.

"ఏమిటే, నువ్వు లోపలికి పోయావు? మీ అమ్మ ఉద్యోగం ఊడుతుంది! ఇలా రా. ఈ నీలం గౌను సర్దనా, ఇది నీకు పొట్టయిందా? వచ్చి ఒంటికి పెట్టి చూపించు."

పిల్ల తల తిప్పలేదు. తెర వైపే చూస్తూ అంది: "ఇప్పుడు రాలేనత్తా. నాలుగింటిదాకా మేం లేవకూడదు."

"మేమేమిటే, మేం? నిన్నెవరు లేవొద్దన్నారు?"

నేను తెర మూలన గడియారం చూశాను. నాలుగు కావడానికి ఇంకా గంటా అయిదు నిమిషాలుంది.